అరవై రెండుకి అరవై రెండు

మా అక్కకి బల్లి అంటే భయం ఉండేది. ఉరుమంటే భయం, గ్యాస్ సిలిండర్ మార్చాలంటే భయం, వేళ కాని వేళ ఫోను మోగితే భయం. ఇప్పుడు ఏ భయమూ లేదు. తీసేసింది నేనే. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకోకండి. తప్పు ఒప్పుకోవడానికి ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా, అక్కణ్ణుంచి మొదలుపెట్టాను.

నా పేరు హైమ. విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలలో నరాల మీద పని చేస్తాను. ఓపిక తక్కువ, నోటి దురుసు ఎక్కువ. అందుకే నాకు మనుషులతో కంటే నరాలతోనే బాగా కుదిరింది. అక్క సత్యభామ నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. రేవుమొగ అనే ఊళ్లో ప్రాథమిక పాఠశాల హెడ్‌మిస్ట్రెస్. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క రసాయనాల ఫ్యాక్టరీ గోడ, మధ్యలో బడి. గాలి ఇటు తిరిగితే పిల్లలు ముక్కు మూసుకునే ఎక్కాలు చదువుతారు.

కొన్నేళ్ల క్రితం, ఇంకో ఊరి బడిలో పొగ కమ్మినప్పుడు ఒక టీచరమ్మ తాళంచెవి చేతిలో పట్టుకుని, తలుపు ముందే అలా నిలబడిపోయింది. తాళం తీయడం తెలియక కాదు. చేతులూ కాళ్లూ ఆడలేదు. ఆ తర్వాత అందరూ టీచర్లకి శిక్షణ ఇవ్వాలన్నారు. ఇచ్చారు కూడా. పుస్తకాలు పంచారు, గోడల మీద బొమ్మలు అతికించారు. మా డైరెక్టర్ నీలాద్రిరావుగారు మాత్రం ఒక్కటే మాట అన్నారు. "ఆవిడకి శిక్షణ లేక కాదు హైమగారూ, భయం అడ్డొచ్చింది. మనం ఆ భయం సంగతి చూద్దాం."

నాలుగేళ్ల పని నా చేతిలో గోరంత బిళ్ల అయింది. చెవి వెనక అతికించుకోవాలి. గుండె హఠాత్తుగా పరుగెత్తితే అది పసిగట్టి, అక్కడున్న నరానికి చిన్న సంకేతం పంపి, భయాన్ని అర సెకనులో అణిచేస్తుంది. దానికి నిబ్బరం అని పేరు పెట్టాం. బళ్లలో మాత్రం అందరూ బిళ్ల అనే అన్నారు.

మొదట అక్కనే పిలిచాను. ఇంత పిరికిమనిషి మీద పనిచేస్తే ఎవరి మీదైనా పనిచేస్తుందని నా లెక్క. ల్యాబులో ఒక గదిని తరగతిలా అమర్చి, ఇరవై బొమ్మల్ని బెంచీల మీద కూర్చోబెట్టి, పొగ వదిలి సైరను మోగించాం. బిళ్ల లేకుండా అక్క గుమ్మంలోనే చతికిలబడి చెవులు మూసుకుంది. "హైమా, తలుపు తీయవే, నీకు పుణ్యం ఉంటుంది" అని ఏడ్చింది. అద్దం అవతల నేను నవ్వాను. అవును, నవ్వాను.

బిళ్ల పెట్టి మళ్లీ పంపాం. తొంభై సెకన్లలో ఇరవై బొమ్మలూ బయట వరుసగా ఉన్నాయి. అక్క చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వచ్చింది.

"ఇంతేనా? దీనికా నేను అంత గోల చేశాను?" అంది.

"అలా ఎలా చేశావే?" అని అడిగితే, "ఏం చేయాలో తెలుసుగా, చేశాను" అంది. నీలాద్రిరావుగారు చప్పట్లు కొట్టారు. నాకు కళ్లు చెమర్చాయి, నిజం చెప్తున్నాను. చిన్నప్పుడు చీకట్లో పెరట్లోకి వెళ్లాలంటే నా చెయ్యి పట్టుకునే అక్క ఆవిడే మరి.

జూన్‌లో రేవుమొగ బడిలో పని మొదలైంది. అయిదో తరగతి గదికి కిటికీలు బిగించి భద్రత గది చేశాం. కప్పు మీద గ్యాసును పసిగట్టే యంత్రం, దానికి సైరను, గది లోపల గోడకి ఒక కెమెరా. ప్రమాదం చెప్పి రాదు కనుక బడి ఉన్నంతసేపూ బిళ్ల చెవి వెనక ఉండాల్సిందే. బిళ్లతోపాటు ఇచ్చే శిక్షణ పుస్తకమూ, అందులో చేయవలసిన పనుల జాబితా నేనే రాశాను. సైరను మోగగానే వరుస, భద్రత గది, హాజరు పట్టీతో సరిచూడడం, తలుపు, తడిగుడ్డలు, టేపు. తలుపు మూశాక ఆపద తీరిందని యంత్రం చెప్పేవరకు తెరవకూడదు. పట్టీలో అరవై రెండుమంది.

నెలకొక్కసారి రిహార్సల్ పెట్టేవాళ్లం. మేం కెమెరాతో వెళ్లేవాళ్లం, మాతోపాటు జీపులో అధికారులు ఎవరో ఒకరు వచ్చేవారు. రెండోసారి అనుకుంటాను, నేను నీళ్ల కోసం వంటగది వైపు వెళ్లాను. వెనక గోడకీ కట్టెల మోపుకీ మధ్య ఒక పిల్ల ముడుచుకుని కూర్చుని ఉంది. మూడేళ్లుంటాయి. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"ఎవరే ఇది?" అని అక్కని అడిగాను.

"పైడి. నాలుగో తరగతి ఢిల్లీశ్వరి చెల్లెలు. తోకపిల్ల."

అన్నలక్కల వెంట బడికి వచ్చే చిన్నపిల్లల్ని ఆ ఊళ్లో అలాగే అంటారు. తల్లి నరసమ్మ తెల్లారకుండా రొయ్యల షెడ్డుకి వెళ్లిపోతుంది. అంగన్‌వాడీలో టీచరు పోస్టు ఏడాదిగా ఖాళీ. చెల్లెల్ని చూసుకోవాలంటే ఢిల్లీశ్వరి బడి మానాలి. మాన్పించడం ఇష్టంలేక అక్క, "దాన్ని కూడా తీసుకురావే, ఓ మూల కూర్చుంటుంది" అంది. పట్టీలో లేని పిల్లని తరగతిలో చూస్తే అధికారులు సంజాయిషీ అడుగుతారు. అందుకని ఎవరైనా వస్తే పిల్ల వంటగది వెనక్కి వెళ్లి చప్పుడు చేయకుండా కూర్చోవాలి. దానికి అది ఆట. ఎంత సేపు కదలకుండా కూర్చుంటే అక్క అంత పెద్ద బెల్లం ముక్క ఇచ్చేది.

"దీన్ని కూడా లెక్కలో పెడదామా?" అంది అక్క.

"పట్టీలో లేనిదాన్ని ఎలా పెడతావు? అరవై రెండుకి అరవై మూడు వస్తే వీడియో అంతా పాడవుతుంది. ఉండనీ అక్కడే" అన్నాను.

నేనే అన్నాను. ఇంకెవరూ కాదు.

ఆ తర్వాత ప్రతి రిహార్సల్‌కీ సైరను మోగేది, పిల్లలు వరుసలో ఇటు వచ్చేవారు, పైడి అటు పరిగెత్తేది. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మాకు ఎప్పుడూ అరవై రెండుకి అరవై రెండు వచ్చేది, నీలాద్రిరావుగారు పెద్ద పెద్ద సభల్లో ఆ వీడియో చూపించేవారు.

డిసెంబరులో మృదుల ఫోను చేసింది. మృదుల అక్క కూతురు, ఇంటర్ చదువుతోంది. స్కూటీ మీంచి పడి మోచెయ్యి విరిగింది.

"పిన్నీ, అమ్మకి నేనంటే ఏమీ లేదా?" అంది.

"అదేం మాటే?"

"రక్తం కారుతుంటే తుడిచింది, ఆటో పిలిచింది, హాస్పిటల్లో ఫారం నింపింది. నా పుట్టినతేదీ, బ్లడ్ గ్రూపు, అన్నీ సరిగ్గా రాసింది. నేను నొప్పికి అరుస్తుంటే పక్కన కూర్చుని, ఇంకో పది నిమిషాల్లో డాక్టరు వస్తాడు అంది. నా ముఖం వైపు ఒక్కసారి కూడా కంగారుగా చూడలేదు పిన్నీ. అదివరకు నాకు తుమ్ము వస్తే కంగారుపడేది కదా."

అది పడింది ఆదివారం, బడి లేదు. బిళ్ల లేదు. వెంటనే వెళ్లి అక్కని పరీక్షించాను. బిళ్ల తీసేసినా భయం లేచీ లేవగానే అణిగిపోతోంది. ఆరు నెలలు రోజూ అణిచేసరికి, అణచడం మెదడు తనంతట తనే నేర్చేసుకుంది.

నీలాద్రిరావుగారితో చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. "ఏప్రిల్లో ఎలాగూ సెలవులు కదా. అప్పటికి లెక్కలన్నీ చేతికొస్తాయి. అప్పుడు ఆపి చూద్దాం. ఇప్పుడు మధ్యలో ఆపితే ఏడాది పని గంగపాలు" అన్నారు. నేను సరేనన్నాను. మృదులకి మాత్రం, అమ్మకి పని ఒత్తిడి ఎక్కువగా ఉందని అబద్ధం చెప్పాను.

మార్చిలో ఒక మంగళవారం మధ్యాహ్నం అక్క ఫోను చేసింది.

"హైమా, గ్యాసు వచ్చింది. పిల్లలందరూ క్షేమం. అరవై రెండుకి అరవై రెండు. ఒక పాప చనిపోయింది. పట్టీలో లేదు."

కరెంటు పోయిందని చెప్పినట్టు చెప్పింది. "వింటున్నావా?" అని అడిగి, సమాధానం రాకపోయేసరికి, "సరే, ఇక్కడ పని ఉంది" అని పెట్టేసింది.

మూడో రోజు నీలాద్రిరావుగారూ నేనూ ల్యాబులో కూర్చుని భద్రత గది వీడియో చూశాం. పక్క తెర మీద అక్క బిళ్ల రాసిన గీత, భయం లేచినప్పుడల్లా పైకి లేచేది.

పదకొండు నలభై ఒకటికి సైరను. రెండో టీచరు సెలవులో ఉంది, వంటామె గుడ్లు తేవడానికి వెళ్లింది. అక్క ఒక్కతే. పిల్లలు వరుసగా గదిలోకి వచ్చారు. అక్క ఒక్కొక్కరి తలమీద చెయ్యి పెట్టి లెక్కపెట్టింది. పట్టీలో టిక్కులు పెట్టింది. "సరి" అంది. నలభై మూడుకి తలుపు మూసింది. తడిగుడ్డలు గుమ్మం కింద కూరుతుంటే ఢిల్లీశ్వరి లేచింది.

"మేడం, మా పైడి నేదు."

గీత ఒక్కసారి నిట్టనిలువుగా లేచింది. అర సెకనులో పడిపోయింది.

"పట్టీలో ఉన్నవాళ్లందరూ వచ్చారు. కూర్చో" అంది అక్క.

"వంటగది ఎనక్కి ఎల్లిపోనాది మేడం. సైరనొస్తే అక్కడికే ఎల్తాది. నానెల్లి తెచ్చేస్తాను."

గీత మళ్లీ లేచింది, మళ్లీ పడింది. పిల్ల తలుపు మీదకి ఉరికింది. అక్క రెండు చేతులూ పట్టుకుని, నొప్పి కలగకుండా, మెల్లగా వెనక్కి తెచ్చి కూర్చోబెట్టింది. పిల్ల అక్క చేతిని కొరికింది. గీత మూడోసారి లేచింది. అక్క టేపు తీసి తలుపు సందుకి అతికించడం మొదలుపెట్టింది. అంచు వంకర పోతే విప్పి, సరిచేసి మళ్లీ అతికించింది.

కప్పు మీది యంత్రం ప్రకారం గ్యాసు వంటగది వైపు వచ్చింది నలభై తొమ్మిదికి. తలుపు మూశాక ఆరు నిమిషాలు. వంటగది నలభై అడుగుల దూరంలో ఉంది. నడిచి వెళ్లి తెచ్చుకోవచ్చు.

భయం లేని మనిషి ధైర్యంగా బయటికి వెళ్లాలి కదా అనుకున్నాను నేను ఇన్నేళ్లూ. అదే నా బుర్రతక్కువతనం. పిల్ల ఏమైపోతుందో అన్న భయమే కాళ్లని పరిగెత్తిస్తుంది. అది లేకపోతే జాబితా ఒక్కటే మిగులుతుంది. ఆ జాబితాలో పైడి లేదు.

నీలాద్రిరావుగారు కళ్లజోడు తీశారు. "పరికరం పనిచేసింది హైమగారూ" అన్నారు.

"అవునండీ. మూడుసార్లు పనిచేసింది."

ఆ గీతని నివేదికకి జతచేసి పంపాను. విచారణకి వచ్చినవాళ్లు తిప్పి పంపారు. నమోదైన విద్యార్థులు అరవై రెండు, క్షేమంగా ఉన్నవారు అరవై రెండు, బడి వరకు నష్టం లేదు అని రాశారు. పైడి ఊరి లెక్కలోకి వెళ్లింది. గ్రామంలో ఒక బాలిక, ఇంటి వద్ద. ఇంటి వద్ద అని ఎవరు రాశారో ఎంత అడిగినా ఒక్కరూ చెప్పలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది, అరిచాను, ఒకాయన ముందు టేబులు కూడా గుద్దాను. ఆయన మంచినీళ్లు తెప్పించాడు. "మీరే చెప్పండి మేడం, అరవై రెండుమంది తల్లిదండ్రుల ముందుకెళ్లి ఇది వద్దనగలరా?" అన్నాడు. అనలేకపోయాను. జూన్ నుంచి అన్ని బళ్లకీ బిళ్లలు ఇవ్వమని ఉత్తర్వు వచ్చింది. శిక్షణ ఇవ్వడానికి మొదట ఎంపికైంది మా అక్క.

"ఒప్పుకున్నావా?" అని అడిగాను.

"పిల్లలు బతుకుతారు కదే" అంది.

ఆ ఎండాకాలమంతా అక్కని ల్యాబుకి రప్పించి ప్రయత్నించాను. సంకేతాన్ని తిరగేసి పంపాను. మందులు మార్చాను. పాత సైరను వినిపించాను, ఢిల్లీశ్వరి గొంతు వినిపించాను. అక్క విసుక్కోకుండా కూర్చునేది.

"ఏమైనా అనిపించిందా?"

"లేదే."

"ఏమీ?"

"ఏడవాలని తెలుసు హైమా. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నువ్వు ఏడుస్తుంటే చూస్తున్నాను, ముందు ముక్కు ఎర్రబడుతుంది నీకు."

మే నెలాఖరుకి నాకు తెలిసిపోయింది, అది తిరిగి రాదు. ఆ రోజే అక్క, గ్యాసు వచ్చిన రోజు బిళ్ల రాసిన గీత చూపించమంది. చూపించకుండా ఉండవలసింది. కానీ నాలో ఒక పిచ్చి ఆశ మిగిలి ఉంది. ఇది చూస్తే బద్దలవుతుందేమో, గుండెలు బాదుకుంటుందేమో, నా చెంప పగలగొడుతుందేమో అనుకున్నాను. కాగితం మీద అచ్చు తీసి ఇచ్చాను. మూడుచోట్లా వేలు పెట్టి చూసింది.

"మూడుసార్లు లేచిందా?"

"మూడుసార్లు."

"అయితే నేను వెళ్లేదాన్నే."

"వెళ్లేదానివే అక్కా."

"ఓహో" అంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. "నరసమ్మకి చెప్పాలి కదా ఇది. తల్లికి తెలియాలి. పద."

వద్దని కాళ్లావేళ్లా పడ్డాను. ఎందుకు వద్దో ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు. చివరికి ఒంటరిగా పంపలేక నేనూ వెళ్లాను.

నరసమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. చేతివేళ్లు రొయ్యల పొట్టుకి పగిలి ఉన్నాయి. ఢిల్లీశ్వరి మమ్మల్ని చూసి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. బడి మానేసిందట, ఇప్పుడు తల్లితో షెడ్డుకి వెళ్తోందట. అక్క చాప మీద కూర్చుని, కాగితం విప్పి, ఏ నిమిషానికి ఏమైందో వరుసగా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు, ఒక్క ముక్క కలపలేదు. తలుపు మూశాక ఆరు నిమిషాల టైముందని కూడా చెప్పింది. నరసమ్మ మధ్యలో ఒక్కసారీ ఆపలేదు.

అంతా విన్నాక అంది, "అమ్మా, నాకేటీ వద్దు. నా గుంట పేరు ఇస్కూలు పట్టీలో రాసీండి. ఇంటికాడ పోనాదని రాసినారట. ఇంటికాడ పోనేదు కదా. మీకాడే పోనాది. ఆ పేరొకటి రాసీండి, సాలు."

నేను అక్క వైపు చూశాను.

"అయిదేళ్లు నిండాలి నరసమ్మా. పాపకి మూడున్నరే. ఆధార్ కూడా కావాలి" అంది అక్క. జూన్‌లో ఏ తల్లికైనా చెప్పే గొంతుతోనే చెప్పింది.

నరసమ్మ అక్క ముఖంలోకి చాలాసేపు చూసింది. కోపంగా కాదు. జ్వరం పిల్లని చూసినట్టు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఈయమ్మకేటైంది? ఇలగుండేది కాదు. నా గుంటకి దగ్గొస్తే ఇంటిదాకా ఎత్తుకొచ్చేది."

"నేనే చేశాను. నేను చేసిన బిళ్ల వల్ల ఇలా అయింది. పాప పోవడానికీ అదే కారణం. పాపని లెక్కలో పెట్టొద్దన్నది కూడా నేనే" అన్నాను.

"మందు నేదా?"

"లేదు."

"మరి మిగతా ఇస్కూళ్లకి కూడా ఇత్తన్నారంట?"

"ఇస్తున్నారు."

"ఆపలేవా?"

"లేను నరసమ్మా."

తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో అనుకున్నాను, కొట్టనీ అని ముందుకి జరిగాను కూడా. నరసమ్మ ఒక్కసారిగా వాలిపోయి, అక్క ఒళ్లో తల పెట్టి, గొంతు చీరుకుపోయేలా ఏడ్చింది. ఇంకెక్కడ ఏడవాలో తెలియక ఏడ్చింది. తలుపు వెనక ఢిల్లీశ్వరి ఏడుపు కూడా వినిపించింది. నేను గోడకి ఆనుకున్నాను.

అక్క నరసమ్మ తల మీద చెయ్యి వేసింది. రెండో చెయ్యి ఆవిడ వీపు మీద ఆనించి నిమరడం మొదలుపెట్టింది. మెడ దగ్గర మొదలుపెట్టి నడుము దాకా, ఆగి, మళ్లీ మెడ దగ్గరనుంచి. ఒత్తిడి ఎక్కువా లేదు, తక్కువా లేదు. అలసిపోయి ఆపిందీ లేదు. కాసేపటికి గమనించాను, అక్క కళ్లు తన చేతి గడియారం మీద ఉన్నాయి. నిమిషానికి పన్నెండుసార్లు. శిక్షణ పుస్తకం అయిదో అధ్యాయం, దుఃఖంలో ఉన్న తల్లిదండ్రులు. ఆ అంకె నేనే రాశాను.